వెనక మీట

పది నెలల తర్వాత తుపాకీ ఇంటికొచ్చింది. నరేంద్రబాబు కారు డిక్కీలోంచి గోనెపట్టా చుట్టిన పొడవాటి మూట తీసి, అరుగు మీద పరిచిన పాత దుప్పటిపై పెట్టాడు. ఆదెయ్య చేతులు పంచెకు తుడుచుకుని ముందుకొచ్చాడు. అరుగు ఎక్కలేదు. అంచున నిలబడే మూట విప్పాడు. ముప్పై నాలుగేళ్లుగా ఆ తుపాకీని తుడిచింది అక్కడ నిలబడే. పైకి రమ్మనాలని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు, వెళ్లాలని ఆదెయ్యకూ తోచలేదు.

“చూసినావా ఎట్టా చేసినారో?” అన్నాడు నరేంద్రబాబు. “నాయన పోయినాక, లైసెన్సు నా పేరుకు మారేదాకా స్టేషన్లో అప్పగించి పెట్టమన్నారు. పెట్టినందుకు అంతా తుప్పు.”

గొట్టాల మీద ఎర్రటి పొడి పూసి ఉంది. మైపాడు సముద్రం కూతవేటు దూరంలో ఉన్న ఊళ్లో ఇనుమును ఒక్క వారం గాలికి వదిలేస్తే చాలు, ఉప్పు దాని పని అది చేసుకుపోతుంది. దానికి తోడు ఇప్పుడు ఊరి చుట్టూ రొయ్యల గుంటలు. తండ్రి పెద్దాయన మంచాన పడగానే, వరి పండే నలభై ఎకరాలనూ నరేంద్రబాబు తవ్వించేశాడు. ఆ కుళ్లునీటి కంపు అరుగు దాకా కొడుతుంది. ఇంట్లోవాళ్లు కిటికీలు బిగించుకుని ఏసీ వేసుకుంటారు. చల్లగాలి వాళ్లకు, కంపు ఊరికి.

ఆదెయ్య పని మొదలుపెట్టాడు. వెనక చెక్కను తొడకు ఆనించి, పైనున్న చిన్న పిడిని బొటనవేలితో పక్కకు తోశాడు. తుపాకీ నడుము దగ్గర వంగి, రెండు గొట్టాల వెనక భాగం తెరుచుకుంది. తూటాలు లేవని కళ్లతో చూసుకున్నాడు, వేలు పెట్టి మళ్లీ చూసుకున్నాడు. గొట్టాలను చెక్క నుంచి విడదీసి, ఒక్కొక్క దాన్నీ ఎండకేసి పట్టి ఒంటికన్నుతో లోపలికి చూశాడు. మిషను నూనెలో తడిపిన గుడ్డపీలికను కడ్డీకి చుట్టి పోనిచ్చాడు. కుడి గొట్టంలో అది జారుకుంటూ పోయింది. ఎడమ గొట్టంలో జానెడు పోయాక, ఎప్పటిలాగే, ఒకచోట గరుగ్గా పట్టుకుంది.

బయట కూడా సరిగ్గా ఆ చోటే మూడు గుంటలున్నాయి, వేలిగోరంతేసి, వరుసగా. అవి బొట్ల గుర్తులు. పెద్దాయన తల్లి బతికున్న రోజుల్లో ఒక దసరాకు ఆయుధపూజ చేసి, తుపాకీకి తడిపసుపుతో మూడు బొట్లు పెట్టి, మధ్యలో కుంకుమ అద్దింది. పూజలో పెట్టిన బొట్టు తుడవకూడదంది. ఏడాది పొడుగునా అలాగే ఉంచారు. వానాకాలం వచ్చి పోయేసరికి బొట్టు కింద ఇనుము తినేసింది. ఆదెయ్య చేతికి వచ్చినప్పటి నుంచి మాత్రం, దసరా బొట్లను ఆ సాయంత్రమే తుడిచి, నూనె రాసి గాని ఇంటికి వెళ్లేవాడు కాదు. ఆ ఒక్క విషయంలో పెద్దాయన కూడా అతని మాట వినేవాడు.

“నంబరు చూసే ఇచ్చినారులే. మనదే గదా?” అడిగాడు నరేంద్రబాబు, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

“మనదేనయ్యా. నంబరన్నా మార్చొచ్చు గాని, ఈ బొట్లు ఎవురు మారుస్తారు?”

“ఇంగ్లండు తుపాకీ ఇది. ఎవరో కలెక్టరు దొర మా ముత్తాతకు బహుమానంగా ఇచ్చినాడంట. నాయన ఎప్పుడూ చెప్పేవాడు. ఇట్టాంటి పాతవాటికి ఎంత పేరుందో నెట్‌లో చూసినా. రేపు నెల్లూరు పోయి మస్తానయ్యకు చూపిద్దాం. నువ్వూ రా, మోసేదానికి.”

లోపలి నుంచి నరేంద్రబాబు భార్య ఉషారాణి టీ పంపింది, పేపరు కప్పులో. వెనకటికి ఆదెయ్యకని చూరులో ఒక స్టీలు గ్లాసు వేరుగా ఉండేది. పేపరు కప్పులు వచ్చాక ఆ ఇంటివాళ్లు గ్లాసు తీసేసి, మేము అలాంటివి పాటించడం లేదని చెప్పుకుంటున్నారు. ఆదెయ్య టీ తాగి, కప్పు నలిపి, చాలా రోజులుగా అడగాలనుకుంటున్నది అడిగేశాడు.

“చిన్నయ్యా, లైసెన్సు పుస్తకంలో పెద్దయ్య పేరు కింద నా పేరుండేది, తుపాకీ మోసే మనిషని. నాకు చూపు తగ్గింది. ఈ తూరి ఆడ మా పిల్లోడు పెంచల్ పేరు రాయించండి. దసరా నాడు మొదటి తూటా వాడి చేత కాల్పించండి. నా తర్వాత వాడికి రావాల గదా.”

“చూద్దాంలే,” అన్నాడు నరేంద్రబాబు.

అడిగింది చిన్న కోరిక కాదు మరి. ప్రతి దసరాకూ పూజ అయ్యాక పెద్దాయన ఊరందరి ముందూ తుపాకీని ఆదెయ్య చేతుల్లో పెట్టి, “మొదటి తూటా ఆదెయ్యది. వెనక మీట నీది, ముందు మీట నాది,” అనేవాడు. ఆ తుపాకీకి రెండు మీటలు. ముందుది నొక్కితే కుడి గొట్టం పేలుతుంది, వెనకది నొక్కితే ఎడమ గొట్టం. ఆదెయ్య వెనక మీట నొక్కి ఆకాశంలోకి కాల్చాక, పెద్దాయన అరుగు దిగి వచ్చి ముందు మీట నొక్కేవాడు. కాలువ అవతలి వెలివాడ మనిషి ముందు కాల్చడం, ఆసామి తర్వాత కాల్చడం! చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ లేని మర్యాద అది. కుళాయి దగ్గర ఆదెయ్య భార్య మాలకొండమ్మ బిందెకు ఎవరూ అడ్డం చెప్పకపోవడానికి కూడా కారణం అదేనని ఆమె నమ్మకం.

మర్నాడు నెల్లూరులో మస్తానయ్య అంగడికి వెళ్లారు. డెబ్బై దాటిన మనిషి. ఒకప్పుడు జిల్లాలో పెద్ద ఇళ్ల తుపాకులన్నీ ఆయన చేతుల మీదుగా పోయినవే. ఇప్పుడు తుపాకులు తెచ్చేవాళ్లు లేక కుట్టుమిషన్లు బాగుచేస్తున్నాడు. అద్దాలు నొసటి మీదికి జరుపుకుని, ఆదెయ్య అందించిన గొట్టాలను రెండు చేతులతో తీసుకున్నాడు. ముందు వాటి అడుగుభాగం తుడిచి, భూతద్దం పెట్టి చూశాడు.

“ఇంగ్లండుది కాదు సార్. బెల్జియంది. ఇదిగో, గుడ్డు ఆకారంలో గీత, లోపల మూడు అక్షరాలు, కింద నక్షత్రం. వాళ్ల పరీక్ష ముద్ర ఇది. అప్పట్లో ఓడల్లో కట్టలు కట్టలుగా దిగినాయి ఇట్టాంటివి.”

“దొర ఇచ్చినాడన్నారే!”

“ఇచ్చుంటాడు సార్. మంచిది తను ఉంచుకోని, ఇది ఇచ్చుంటాడు.”

నరేంద్రబాబు మొహం చిన్నబోయింది. మస్తానయ్యకు అదేమీ పట్టలేదు. గొట్టం మీద వేలు జరుపుతూ, సన్నటి అలల్లాంటి గీతలు చూపించాడు. ఇనుప తీగ, ఉక్కు తీగ కలిపి మెలేసి, కడ్డీ చుట్టూ చుట్టి, కొలిమిలో అతికిన గొట్టాలంట అవి. పొగ వచ్చే నల్లమందుకే తట్టుకుంటాయంట. ఇప్పటి అంగట్లో తూటాలు వాటికి విషమంట. చూడముచ్చటైన పని, గోడకు తగిలించుకోవాల్సిన పని అన్నాడు. తర్వాత ఎడమ గొట్టాన్ని వీధి వెలుతురుకేసి పట్టి, ఆదెయ్యను పిలిచాడు.

“చూడన్నా. లోపల ఉంగరం మాదిరి నీడ కనబడతాందా?”

“అది ఎప్పుడూ ఉండేదే గదన్నా.” ఆ ఉంగరాన్ని ఆదెయ్య ఏళ్ల తరబడి చూస్తున్నాడు. తయారీలోనే అలా వేశారనుకున్నాడు.

“ఎప్పుడూ ఉండేది కాదు. ఆడ గొట్టం ఉబ్బింది. ఒక్క దెబ్బకు వచ్చిన ఉబ్బు కాదిది. కాల్చినప్పుడల్లా ఇంతింత ఉబ్బుతా వచ్చింది.” ఆ చోటికే బయట ఉన్న మూడు గుంటలను మందం కొలిచే పనిముట్టుతో పట్టి చూసి నాలుక చప్పరించాడు. “బొట్టు పెట్టి తుప్పు పట్టించినారు. ఆ గుంటలు పోవాలని మళ్లీ ఎవరో ఉప్పుకాగితం పెట్టి రుద్దినారు. ఈడ ఇంక రేకు మిగిలింది సార్, గొట్టం కాదు. కుడిది ఇంకా కొన్నాళ్లు తట్టుకుంటాది. ఎడమది మాత్రం ముట్టుకోవద్దు.”

“ముట్టుకుంటే?”

“ఎడమ చేత్తో పట్టుకునేది ఈ చోటే గదా సార్. పేలితే ముందు ఆ చెయ్యి పోద్ది. కంటి సంగతి దేవుడికెరుక.”

నరేంద్రబాబు ఫోను మోగింది. మాట్లాడుకుంటూ వీధిలోకి దిగాడు. మస్తానయ్య గొట్టాలకు పల్చగా నూనె రాస్తూ, ఎదురుగా ఉన్న ఆదెయ్య ఎవరో ఏమిటో తెలియక, పాతకాలం మనుషుల్ని తలుచుకున్నాడు.

“వీళ్ల నాయన బో మంచోడన్నా. ఇదే తుపాకీ, ఇదే సంగతి ఆయనకూ చెప్పినా. అప్పుడింత ఉబ్బు లేదు గాని, రేకు మాత్రం ఇట్టానే ఉండె. ఎడమది కాల్చొద్దు సామీ, చెయ్యి పోద్దీ అన్నా. ఆయన నవ్వినాడు. ‘ఆ మీట నేను ముట్టనులే మస్తానయ్యా, దానికి మనిషున్నాడు,’ అన్నాడు. పోతా పోతా అరటిగెల ఇచ్చిపోయినాడు.”

ఆదెయ్య చేతిలో నూనెగుడ్డ ఉంది. దాన్ని మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు.

“ఎప్పుడన్నా అది?”

“మా పెద్దపిల్ల పుట్టిన ఎండాకాలం. దానికిప్పుడు ముప్పై నాలుగు.”

లెక్క పెద్ద కష్టమైనది కాదు. ఆ ఎండాకాలం తర్వాత వచ్చిన దసరాకే పెద్దాయన మొదటిసారి ఆదెయ్యను పిలిచి తుపాకీ చేతిలో పెట్టాడు. అంతకు ముందు రెండు మీటలూ ఆయనే నొక్కేవాడు.

తిరుగు ప్రయాణంలో ఆదెయ్య వెనక సీట్లో, తుపాకీ మూటను మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. కారు ఇందుకూరుపేట దాటింది. నరేంద్రబాబు అద్దంలోంచి చూస్తూ హుషారుగా అన్నాడు.

“నిన్న అడిగినావే, పెంచల్ సంగతి. అట్టే కానీ. దసరాకు రమ్మను. ఆఫీసర్లు, పార్టీవాళ్లు కూడా వస్తాండారు, మంచి వీడియో తీయించాల. మొదటి తూటా వాడిదే.”

“మస్తానయ్య చెప్పింది విన్నారు గదయ్యా.”

“విన్నా. అందుకేగా, నేను ముందు మీటే నొక్కేది.”

ఆ మాటలో కోపం లేదు, దాపరికం లేదు. వాన వచ్చేట్టుంది, గొడుగు తెచ్చుకున్నా అన్నంత మామూలుగా అన్నాడు. అన్నవాడు వెంటనే పాటలు పెట్టుకున్నాడు కూడా. ఆదెయ్య కారు ఆపమన్నాడు. దిగి, రోడ్డు పక్కన రొయ్యల గుంట గట్టు మీద కక్కుకున్నాడు. “ఏసీ పడలేదా?” అని లోపలి నుంచే అడిగాడు నరేంద్రబాబు.

చిన్నయ్యను అడిగి వచ్చానని ఆదెయ్య నిన్న చెప్పగానే, ఈసారి మొదటి తూటా పెంచల్‌దేనని మాలకొండమ్మ నలుగురికీ చెప్పేసింది. పెంచల్ మైపాడు రోడ్డులో ఆటో తోలుతాడు. దసరాకు ఆటోకు కట్టాల్సిన పూలదండల కంటే ముందు తనకు తెల్లచొక్కా కొనుక్కున్నాడు. ఆ చొక్కాను తండ్రి ముందు విప్పి చూపించాడు.

“నువ్వు పోవద్దురా,” అన్నాడు ఆదెయ్య.

“ఏంది నాయనా, నిన్నటిదాకా అడిగింది నువ్వే గదా?”

“తుపాకీ పాతదైంది.”

“నువ్వు పోయినేడు కాల్చినావు గదా! అప్పుడు పాతది కాదా?”

కొడుక్కు కారణం చెప్పాలంటే ముప్పై నాలుగు దసరాల సంగతి చెప్పాలి. ఊళ్లో తను తలెత్తుకు తిరిగిందంతా దేన్ని చూసుకునో చెప్పాలి. నా చేతికి విలువ లేదు గనక నా చేతికి ఇచ్చారురా అని, తెల్లచొక్కా పట్టుకుని నవ్వుతున్న కొడుకుతో ఏ తండ్రి అనగలడు? ఆదెయ్య అన్నం ముందు కూర్చున్నాడు. ముద్ద నోటి దాకా వచ్చేసరికి వేళ్ల నుంచి మిషను నూనె వాసన కొట్టింది. ఇన్నేళ్లూ ఆ వాసన అతనికి గొప్ప. ఆ రోజు ముద్ద కంచంలో పడేసి లేచాడు.

ఒక్కొక్క దసరానే తలుచుకున్నాడు. తను తుపాకీ ఎత్తగానే పెద్దాయన “పిలకాయల్ని లోపలికి పిలవండే!” అని ఆడవాళ్లను కేకేసేవాడు. ఆయన మాత్రం అరుగు మీద లావుపాటి స్తంభం వెనక్కి జరిగేవాడు. శబ్దం పడదు కాబోలు అనుకునేవాడు ఆదెయ్య. తన వంతు వచ్చి ముందు మీట నొక్కేటప్పుడు ఆ పిల్లలే ఆయన చుట్టూ మూగేవాళ్లు. అప్పుడెవరినీ లోపలికి పొమ్మనేవాడు కాదు. ఇంత కళ్ల ముందు జరుగుతుంటే, ఇన్నేళ్లలో ఒక్కసారైనా తట్టలేదే! పెద్దాయన మీద పుట్టిన అసహ్యం ఎంతో, ఆ స్తంభానికేసి చూసి కృతజ్ఞతగా నవ్విన తన మీద పుట్టిన అసహ్యం అంతకు రెండింతలైంది.

దసరా నాడు పొద్దున్నే వెళ్లి తుపాకీ సిద్ధం చేశాడు. చెక్కకు అవిసె నూనె పట్టించి, గొట్టాలు బిగించి, అరుగు మీది పీట అంచున పెట్టాడు. ఉషారాణి పట్టుచీరలో వచ్చి, అత్తగారింటి పద్ధతి తప్పకుండా, తడిపసుపుతో మూడు బొట్లు పెట్టి కుంకుమ అద్దింది. బొట్లు సరిగ్గా ఆ పాత గుంటల మీదే కుదిరాయి. కారుకు, ట్రాక్టరుకు, గుంటల్లో తిరిగే మోటార్లకు కూడా పూజ అయింది. నిమ్మకాయలు తొక్కించారు. ఈ రోజుల్లో పండగలకు తుపాకీ పేల్చడం నేరమని తెలిసిన పెద్దమనుషులు నలుగురు, అరుగు మీద కుర్చీల్లో కూర్చుని పులిహోర తింటున్నారు. వాకిట్లో ఊరు నిలబడింది. మాలకొండమ్మ అందరికంటే ముందుంది. పెంచల్ తండ్రి వద్దన్నా వచ్చి, చొక్కా చేతులు మడుచుకుని, అతని పక్కన నిలబడ్డాడు.

నరేంద్రబాబు కొత్త తూటాలు రెండు తెచ్చి ఆదెయ్య చేతిలో పెట్టాడు. ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. ఆదెయ్య జనానికి వీపు పెట్టి తుపాకీ తెరిచాడు. కాసేపు వంగి ఏదో సర్దాడు. టక్కున మూసిన చప్పుడు అందరికీ వినిపించింది.

“మొదటి తూటా పెంచల్‌ది!” అని అరిచాడు నరేంద్రబాబు, ఫోన్లో వీడియో తీస్తున్న వాడికేసి చూస్తూ. “ఉషా, పిలకాయల్ని లోపలికి పిలువు.” అంటూనే రెండడుగులు వెనక్కి, స్తంభం పక్కకు జరిగాడు.

పెంచల్ చెయ్యి చాపాడు. ఆదెయ్య ఆ చేతిని దాటి ముందుకెళ్లాడు. ముప్పై నాలుగేళ్లలో మొదటిసారి అరుగు మెట్లు ఎక్కాడు. నరేంద్రబాబు ముందు నిలబడి, రెండు చేతులతో తుపాకీని అందించాడు.

“లైసెన్సు మీ పేరుకు వచ్చిన మొదటి దసరా చిన్నయ్యా. ఈ ఏడు మొదటి తూటా మీదే. ఆ మర్యాద ఇంక మేం తీసుకోకూడదు.”

వాకిట్లో కుర్రకారు ఈలలు వేసింది. “కాల్చన్నా! చిన్నయ్యే కాల్చాల!” అని కేకలు. కుర్చీల్లో వాళ్లు కూడా “కానీయ్ నరేంద్రా,” అన్నారు. నరేంద్రబాబు నవ్వుతూ తుపాకీ అందుకుని, వేలు ముందు మీట మీద పెట్టాడు.

“మొదటి తూటా వెనక మీటయ్యా,” అన్నాడు ఆదెయ్య, అందరికీ వినబడేట్టు. “మీ నాయన పెట్టిన పద్ధతి.”

నవ్వు మొహం మీద ఉండగానే నరేంద్రబాబు ఎడమ చెయ్యి మూడు బొట్ల మీద నుంచి జారి వెనక్కి వచ్చింది. తుపాకీని బరువు మోయలేనట్టు కిందికి దించాడు. “భుజం నొప్పిగా ఉంది ఆదెయ్యా. మస్తానయ్య ఏదో అన్నాడు గదా... ఎందుకులే. పెంచల్ కాలుస్తాడు, ఇయ్యి వాడికి.”

“ఏమన్నాడు మస్తానయ్య?” అడిగాడు పెంచల్ కింద నుంచి.

వీడియో తీసేవాడు ఇంకా తీస్తూనే ఉన్నాడు. పెంచల్ నరేంద్రబాబు మొహం చూశాడు, స్తంభం చూశాడు, తండ్రి ఎడమ చెయ్యి చూశాడు. చాపిన తన చేతిని నెమ్మదిగా వెనక్కి తీసుకున్నాడు.

ఆదెయ్య తుపాకీని తీసుకుని, అందరి వైపూ తిప్పి, పైపిడి తోశాడు. నడుము దగ్గర వంగింది. రెండు గొట్టాల్లోంచీ అవతలి వెలుతురు కనబడింది. జేబులోంచి ఎర్రటి తూటాలు రెండూ తీసి, ఉషారాణి పూజ చేసిన పళ్లెంలో నిమ్మకాయల పక్కన పెట్టాడు.

“ఖాళీ తుపాకీనే గదయ్యా ఇచ్చినా. దానికే భయపడినారు.”

“ఏంరా, ఆటలాడతాండావా?” నరేంద్రబాబు గొంతు కీచుగా వచ్చింది. “పుస్తకంలో నీ పేరు, నీ కొడుకు పేరు ఈ జన్మకు ఎక్కవు, చూసుకో!”

“ఎక్కొద్దనే అడగతాండా,” అన్నాడు ఆదెయ్య. తుపాకీని పీట మీద పెట్టి మెట్లు దిగాడు. మాలకొండమ్మకు సగమే అర్థమైంది. అయినా కొంగు బిగించి అతని వెనకే నడిచింది. పెంచల్ ఆటో స్టార్టు చేశాడు. కాలువ వంతెన దాటారు. అక్కడ ఆటో ఆపి పెంచల్ తండ్రి ఎడమ చేతిని తన చేతుల్లోకి తీసుకుని, అయిదు వేళ్లనూ ఒక్కొక్కటిగా పట్టి చూశాడు. ఆదెయ్య చెయ్యి లాక్కుని, “ఉండాయిలేరా అన్నీ,” అన్నాడు.

సాయంత్రం కాలువ మెట్ల మీద కూర్చుని మట్టి పెట్టి చేతులు తోముకుంటుంటే, మాలకొండమ్మ ఫోను పట్టుకుని వచ్చింది. ఫోన్లో ఉషారాణి. చిన్నయ్య కోపంలో ఏదో అన్నాడని, అదంతా మనసులో పెట్టుకోవద్దని, తుపాకీకి బొట్లు అలాగే ఉన్నాయని, వచ్చి తుడిచి నూనె రాసి పొమ్మని.

“ఉండనీయమ్మా,” అన్నాడు ఆదెయ్య. “పూజలో పెట్టినవి, తుడవకూడదు.”

ఫోను భార్యకు ఇచ్చేసి మళ్లీ మట్టి తీసుకున్నాడు. సముద్రం వైపు నుంచి తడిగాలి మొదలైంది. తడిపసుపు కింద ఇనుము తినడం మొదలవడానికి ఒక్క రాత్రి చాలు. దాన్ని తుడిచి నూనె రాయడం ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం వాళ్లకు ఇన్నాళ్లూ రాలేదు, దానికి మనిషున్నాడు గనక.